ఇంటికొక్క ముక్కు

బానెట్ కింద దూర్చిన తల బయటికి తీసి ద్వారకానాథ్ గట్టిగా ఊపిరి పీల్చాడు. చల్లగాలి వచ్చింది, అంతే. పెట్రోలు లేదు, ఇంజనాయిలు లేదు, పక్కింటాయన ఇప్పుడే కోసిన గడ్డి లేదు. ఆ మాయదారి జ్వరం వచ్చిపోయిన ఏడు మూతపడ్డ ముక్కు మళ్ళీ తెరుచుకోలేదు. ముక్కున్న చోట ముక్కుంది, కళ్ళజోడు నిలబెట్టడానికి పనికొస్తోంది. అలాంటి మనిషి కెల్లీవిల్‌లో తన గరాజు తలుపు బార్లా తెరుచుకుని, యాభై ఏళ్ళు దాటిన కారులో పెట్రోలు వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకుతున్నాడు, చెవిటివాడు సంగీతం పోటీకి జడ్జీగా కూర్చున్నట్టు. నవ్వొచ్చేదే, నవ్వే ఓపిక ఉంటే. ఇవాళే తేలాలి. టీ వేళకి కూతురు శ్రీదివ్య వస్తుంది. పోయిన శనివారం కారు తలుపు తీసి, చేత్తో ముక్కు మూసుకుని తేల్చి చెప్పేసింది. "డాడీ, దిస్ ఈజ్ నాట్ సేఫ్. స్మెల్ ఫిక్స్ చేయించండి, లేదంటే అమ్మ ఈ కార్లో కూర్చోదు. నెక్స్ట్ వీక్ వచ్చి కీస్ నేను తీసుకెళ్ళిపోతా." పిల్ల అన్నది నిజమే. నిజమే కాబట్టే అంత కోపం వచ్చింది.

ముందు సీట్లో లలితకుమారి కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద శాలువా, కుడిచెయ్యి శాలువా కింద, ఎడమచెయ్యి పైన. దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాకముందు ఒక పొద్దున కాఫీ గ్లాసు ఆమె చేతిలోంచి జారింది. గ్లాసుతో పాటే కుడిచెయ్యీ, కుడికాలూ, మాటా జారిపోయాయి. మాటల్లో మిగిలింది ఒక్క 'ఊ'. ఔనన్నా ఊ, కాదన్నా ఊ, ఆకలన్నా ఊ, పొమ్మన్నా ఊ. ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేస్తే గోడకేసి మొహం తిప్పుకుంటుంది. స్పీచ్ థెరపీ అమ్మాయి ఎంతో ముద్దుగా బొమ్మల కార్డులు చూపిస్తే, కప్పు, కుక్క, బస్సు అంటుంటే, కళ్ళు మూసుకుంటుంది. ఎమ్మే చదివిన మనిషికి కుక్క బొమ్మేమిటి మరి. కానీ సాయంత్రం ఈ పాత కారు ఎక్కించి, ఇంజను గురగురమనగానే మనిషి మారిపోతుంది. నడుం నిటారవుతుంది. రౌస్ హిల్ దాకా వెళ్ళి వచ్చేలోపు చెట్లని చూస్తుంది, గుర్రాల్ని చూస్తుంది, ఎడమచేత్తో డాష్‌బోర్డు మీద తాళం వేస్తుంది, ఆ ఒక్క ఊ-నే మడిచి తిప్పి రాగం తీస్తుంది. రోజులో ఆ ఒక్క గంటే ఆయనకి భార్య ఉంటుంది. మిగతా గంటలన్నీ ఇంట్లో ఉండేది పేషెంటు. ఆ గంటని శ్రీదివ్య హ్యాండ్‌బ్యాగులో వేసుకుని పట్టుకుపోతానంటోంది.

కార్బురేటర్ కింద టిష్యూ కాయితంతో తుడిచి, వెలుతురులో పట్టి చూశాడు. నల్లగా నూనె మరక. ఇవాళ పొద్దున స్నానం చేస్తుంటే తట్టిన ఉపాయం ఇది. ఇన్నాళ్ళూ కారులో కూర్చోబెట్టి 'వాసనొస్తోందా లలితా?' అని అడగడం, ఆమె ఊ అనడం. ఆ ఊ-తో ఏం చేసుకుంటాడు? ముక్కులేదు తనకి, మాటలేదు ఆమెకి. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి అవుతారు కదా. అందుకని ఒక్కో చోట ఒక్కో తెల్ల కాయితంతో తుడవడం, తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టడం, మొహం చూడటం. మొహాలు చూడటంలో ద్వారకానాథ్‌ని మించినవాడు లేడు. జీవితమంతా చేసిందదే. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఎన్ని వేల మందిని నిద్రపుచ్చాడో, మాటాపలుకూ లేని ఎంతమంది తలల దగ్గర గంటలకొద్దీ కూర్చున్నాడో. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్లకి మొదటి రోజునే చెప్పేవాడు, నోరు మూసుకున్నా ఒళ్ళు మాట్లాడుతుందర్రా, కనురెప్ప మాట్లాడుతుంది, నాడి మాట్లాడుతుంది, వినడం వస్తే చాలు అని. వాళ్ళు రాసుకునేవాళ్ళు కూడా.

కాయితం పట్టుకొచ్చి వంగాడు. లలితకుమారి వాసన చూసింది. "ఊ." మామూలు ఊ. మొహంలో ఏమీ లేదు. అంటే ఇక్కడ కాదు.

ఆ ముక్కు ఎలాంటి ముక్కని. నైవేద్యం ఎంగిలవుతుందని ఆవిడ వంట రుచి చూడదు, ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి మొహానికి తగలగానే చెప్పేస్తుంది. దేవుడికంటే ముందు వాసన కూడా చూడకూడదని వాళ్ళత్తగారు, అంటే ద్వారకానాథ్ తల్లి, తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లున్నప్పుడు సన్నాయి నొక్కులు నొక్కితే, "దానంతటది వచ్చే వాసనని ముక్కు మూసుకుని ఆపమంటారా అత్తయ్యా, ఊపిరాడక నేను పోతే వంటెవరు చేస్తారు?" అనేసింది. అమ్మ మూతి ముడుచుకుని, పులిహోర మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది. జ్వరమొచ్చి ఆయన ముక్కు పోయాక, ఇంటికి ఒక్క ముక్కే మిగిలింది. పాలు విరిగాయో లేదో, సాక్సులు మార్చుకోవాలో లేదో, అన్నీ ఆవిడే. "పోన్లెండి, మీ వాటా వాసన కూడా నేనే చూస్తున్నా, మీ వాటా గురక నాకెలాగూ తప్పట్లేదు." గురక గురించి ఇంకెవరూ ఏమీ అనరిప్పుడు. గురక పెట్టేంత నిద్ర పట్టదు కూడా.

క్లచ్ దగ్గర నేల తుడిచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఎవరి కారో, ఎక్కడో బాథర్స్ట్ అవతల గొర్రెల షెడ్డులో పాతికేళ్ళు పడుకున్నదాన్ని రిటైరయ్యాక తెచ్చుకున్నాడు, చూడటానికి అంబాసిడర్‌కి పెదనాన్న కొడుకులా ఉందని. ట్రక్కు మీంచి దింపుతుంటే లలిత గుమ్మంలో నిలబడి, చేతులు నడుముకి పెట్టుకుని అన్నది ఇప్పటికీ చెవిలోనే ఉంది. "ఏవండీ, గుంటూరులో అంబాసిడర్ ఎక్కితే వాంతులొస్తాయని బస్సులో వచ్చిన పెళ్ళికొడుకు మీరే కదూ?" మర్నాటికి దానికి తాతగారని పేరు పెట్టేసింది. తాతగారు లేచారా, తాతగారికి దగ్గు తగ్గిందా, తాతగారు మళ్ళీ ముందు గదిలో నూనె కక్కారండీ. ముందు గదంటే గరాజు. ఆ గొంతు. గొంతు ఎక్కడికి పోతుంది, ఉన్న గొంతే కదా, ఊ అంటోంది కదా, లోపల మాటలన్నీ ఎక్కడో పేర్చినవి పేర్చినట్టే ఉంటాయిట, బయటికొచ్చే దారే మూసుకుపోతుందిట. ఆ స్కాను ఆయన తన కళ్ళతో చూసుకున్నాడు. ఎడమవైపు తెల్లటి మచ్చ. మన భార్య తలలో మచ్చని మన వృత్తి కళ్ళతో చూడాల్సి రావడం పగవాడికి కూడా వద్దు.

క్లచ్ దగ్గర కాయితానికీ మామూలు ఊ. వెనకసీటు ఎత్తి కింద తుడిచాడు. ఈసారి ఆమె కనుబొమలు కొంచెం దగ్గరకొచ్చాయి. వెనకాల. వెనకాలే ఎక్కడో. డిక్కీ తెరిచి, కింద పరిచిన కార్పెట్ తుడిచి, దాదాపు పరుగున వచ్చాడు. కాయితం ఇంకా జానెడు దూరంలో ఉండగానే లలితకుమారి మొహం పక్కకి తిప్పేసింది. "ఊ!" ఈ ఊ వేరు. "దొరికింది! దొరికిందే నీ..." అని నాలిక కరుచుకున్నాడు. పాత రోజుల్లో అయితే ఆ మాటకి మూతి తిప్పుకునేది. ఇప్పుడు ఎడమచెయ్యి శాలువా కిందికి పంపి కుడిమణికట్టు పట్టుకుంది. వేళ్ళతో మణికట్టు చుట్టూ గుండ్రంగా, ఒకసారి, ఇంకోసారి. ఆయన ఉత్సాహం చప్పున చల్లారింది. మళ్ళీ నొప్పి మొదలైంది.

ఆ నొప్పి కారులోనే వస్తుంది, ఇంట్లో రాదు. తొలిసారి ఎండాకాలంలో, అంటే ఈ దేశంలో క్రిస్మస్ సెలవుల్లో, ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకుని బయల్దేరిన రోజున చూశాడు. మలుపు తిరగగానే ఆమె ఎడమచెయ్యి వచ్చి కుడిమణికట్టుని చుట్టింది. పక్షవాతం వచ్చిన చేతిలో కండరాలు బిగుసుకోవడం మామూలే, పుస్తకంలో ఉన్నదే. మాత్ర మొదలుపెట్టాడు. తగ్గలేదు, మోతాదు పెంచాడు. మాత్రకి ఆమె మధ్యాహ్నాలు తూగేది, గోడకేసి తిరిగే మొహం మరింత బరువెక్కేది. ఫిజియో అమ్మాయితో చెప్పి చేతికి పట్టీ చేయించాడు. లలిత ఆ పట్టీని పళ్ళతో లాగేసింది. పెంకితనం అనుకున్నాడు. బెల్టు ఒత్తుకుంటోందేమోనని బెల్టుకి మెత్త కుట్టించాడు. చివరికి కుదుపు పడట్లేదేమోనని రౌస్ హిల్ మానేసి చెరువు దాకా వెళ్ళి తిరిగొచ్చేయడం మొదలుపెట్టాడు. తను ఇంత చేస్తుంటే ఆమె ఆయన వైపు ఒక చూపు చూసేది. కోపంలాంటి చూపు. కోపం కూడా ఆ జబ్బులో భాగమే, అదీ పుస్తకంలో ఉంది. 'ఉండు లలితా, నొప్పి కదూ, ఇంటికెళ్ళగానే మాత్ర వేస్తా' అనేవాడు. ఊ, అనేది.

ఇప్పుడూ అదే అన్నాడు. డిక్కీ వైపు నడిచాడు. ఈ కారుకి పెట్రోలు పోసే మూతి డిక్కీలోనే, ఎడమ మూల. దాని కిందనించి ట్యాంకులోకి దిగే రబ్బరు గొట్టం మొన్ననే కొత్తది వేయించాడు. కాసిల్ హిల్‌లో పాత కార్లు చూసే గ్రెగ్ రెండు రోజులు ఉంచుకుని, గొట్టాలన్నీ మార్చి, వాసన మాత్రం పోలేదు డాక్ అని ఒప్పుకుని పంపించాడు. ఫోన్లో ఇంకోమాట కూడా అన్నాడు, మీ పూజ సామాను దేన్నీ నేను ముట్టుకోలేదు అని. డాష్‌బోర్డు మీద పిడికెడు వినాయకుడున్నాడు, ఆయన సంగతనుకున్నాడు ద్వారకానాథ్. మంచివాడు గ్రెగ్, మర్యాదస్థుడు. గొట్టం తుడిచాడు, పొడిగా ఉంది. ట్యాంకు పైన తుడిచాడు, దుమ్ము. ఇక మిగిలింది మూతి.

మూత తిప్పి తీశాడు. మూతి మెడ చుట్టూ పసుపు దారం. ఎప్పట్లాగే చూడగానే చెయ్యి నెమ్మదించింది. పోయిన దసరాకి ఆయుధపూజ చేస్తూ, స్టీరింగుకీ చక్రాలకీ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, డిక్కీ తెరిపించి ఇక్కడ కట్టింది. ఇక్కడెందుకే అంటే, "కలశానికి మెడకి కట్టమా? దీనికీ మెడుంది, నోరుంది. తిండెక్కువ తాతగారికి, ఆరోగ్యం బాగుండాలి" అంటూ ముప్పేట పేనిన దారం కుడిచేత్తో గబగబా చుట్టి, ముడేసి, పళ్ళతో కొరకబోయి, పూజ దారం కదాని మానేసి, కొస అలాగే వదిలేసింది. ఆ చెయ్యి చేసిన చివరి పూజ అది. ఆ చెయ్యి వేసిన చివరి ముడి. పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ ద్వారకానాథ్ ఆ దారాన్ని వేలితో తాకి కళ్ళకద్దుకుంటాడు. వెనక కార్లవాళ్ళు చూసినా సరే. మూత బిగించేటప్పుడు నలిగి తెగిపోతుందేమోనని, వేలాడే కొసని జాగ్రత్తగా మూతి లోపలికి దోపి, అప్పుడు మూత పెడతాడు. ఇప్పుడు కూడా, విగ్రహం తుడిచినట్టు, దారం కదలకుండా దాని అంచునే కాయితంతో ఒత్తాడు. కాయితం తడిసింది. లేత పసుప్పచ్చగా తడిసింది.

తెచ్చి ఆమె ముక్కు దగ్గర పట్టాడు. మొహం తిప్పేస్తుందనుకున్నాడు. తిప్పలేదు. ఎడమచేత్తో ఆ కాయితాన్ని ఆయన వేళ్ళ మధ్యనుంచి లాక్కుంది. శాలువా తోసేసింది. ఒళ్ళో పడున్న కుడిచేతి మణికట్టు మీద ఆ పసుపు కాయితాన్ని వేసి, చుట్టూ తిప్పింది. వ్రతం రోజున తోరం కట్టుకుంటారు చూడండి, ఒంటిచేత్తో, ముడి పడక అవస్థపడుతూ, అలాగ. కాయితం జారిపోయింది. మళ్ళీ తీసి చుట్టింది. చుట్టి ఆయన కళ్ళలోకి చూసింది. ఆ చూపు ఆయనకి తెలిసిందే, ఇన్ని నెలలుగా జబ్బులో భాగం అనుకున్న చూపే.

ద్వారకానాథ్ డిక్కీ దగ్గరికి ఎలా వెళ్ళాడో ఆయనకే తెలియదు. మూతి లోపలికి వేలు పెట్టి, తను దోపిన కొసని బయటికి తీశాడు. పెట్రోలు కారుతోంది. మెడ చుట్టూ ఉన్న పేట తడి. అవతలి కొస తడి. దాని కింద కార్పెట్ మీద, ఇన్నిసార్లు చూసినా కంటికాననిది, సన్నటి పసుపు చార. వత్తి. ఒక కొస ట్యాంకులో, ఒక కొస డిక్కీలో. ట్యాంకు నిండినప్పుడు, మలుపు తిరిగినప్పుడు పీల్చుకోవడం, బయటికి తెచ్చి వదలడం. ఏటేటా కార్తీకమాసానికి ముందు పత్తి ముందేసుకుని వేలకి వేలు వత్తులు చేసిన మనిషికి వత్తంటే ఏమిటో ఒకరు చెప్పాలా. వెనకనుంచి మొదటి వాసన వచ్చిన రోజునే ఆమెకి తెలిసిపోయింది. తెలిసి, ఉన్న ఒక్క చేత్తో, తెలుగింట్లో పుట్టినవాడెవడికైనా అర్థమయ్యేలా చెప్పింది. దారం. నేను కట్టిన దారం. దారం తీసెయ్యండి. రోజూ చెప్పింది. ఆయన రోజూ మాత్ర వేశాడు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన వాడయినా నయం, వాడు పిల్లకి మత్తుమందు పొయ్యలేదు. నొప్పి కదూ లలితా. నొప్పి లేదురా తండ్రీ, వినరా. పళ్ళతో పట్టీ లాగేసింది పెంకితనమా? మాట్లాడుతున్న నోటికి గుడ్డ కడితే ఎవరైనా లాగేస్తారు. ఉన్న ఒక్క మాటకి కట్టాడు ఆ పట్టీ, దగ్గరుండి కొలతలిచ్చి. నోరు మూసుకున్నా ఒళ్ళు మాట్లాడుతుందర్రా, అని పాఠాలు. ముక్కూమొహం తెలియనివాళ్ళ కనురెప్పలు విన్న మనిషి. ఆమె దారాన్ని కళ్ళకద్దుకున్నాడు, కట్టిన మనిషిని నిద్రపుచ్చాడు. ఆమెకి దాని మీద ఏ మోహమూ లేదు, తెంపి పారేయమంటోంది, దసరా మళ్ళీ రాదా అన్నట్టు. పట్టుకు వేలాడింది తనే. డిక్కీ అంచు పట్టుకుని ఆయన ఏడ్చాడు. ముసలివాళ్ళ ఏడుపు చూడటానికి బాగోదు, ముక్కు కారుతుంది, గొంతులోంచి ఏవో చప్పుళ్ళొస్తాయి. పక్కింటాయన గడ్డి మిషను ఆపి, చూసి, మర్యాదగా మళ్ళీ మొదలుపెట్టాడు.

కత్తెర తెచ్చాడు. ముడి విప్పుదామనుకున్నాడు కానీ అది ఆమె కుడిచేతి ముడి, ఊడి వచ్చే రకం కాదు. కత్తిరించాడు. దారాన్ని గాజు సీసాలో వేసి గరాజు బయట గోడవార పెట్టాడు, కార్పెట్ ఊడదీసి ఎండలోకి ఈడ్చాడు. మూత బిగిస్తే టక్కుమంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళైందో.

వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు, కారు స్టార్ట్ చేయకుండానే. "దారమే కదూ" అన్నాడు. "దారం అని కదూ చెప్పావు, ఇన్నాళ్ళూ." లలితకుమారి ఊ అనలేదు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి. తుడవబోయి ఆగాడు. తుడవమంటోందో, వద్దంటోందో? ఇప్పుడు దేన్నీ నమ్మలేడు. అన్నం పెడుతుంటే కంచం అంచు మీద వేలితో కొడుతుంది, ఆకలి చచ్చిందని కంచం తీసేశాడు. స్పీచ్ అమ్మాయి వెళ్ళాక తలుపు వైపు చూస్తూ అరచెయ్యి ఆడిస్తుంది, వణుకని రాసుకున్నాడు. రాత్రి పక్క సర్దుతుంటే ఆయన చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంటుంది, తలనొప్పికి కూడా ఒక మాత్ర ఉంది. ఎనిమిది నెలలు ఈ ఇంట్లో మాట్లాడుతూ తిరిగిందీ మనిషి. వాకిలి దాటి బయటివాడెవడైనా వచ్చి కూర్చుని ఉంటే, రెండు పూటల్లో పట్టుకుని ఉండేవాడు.

లలితకుమారి కళ్ళు తెరిచింది. ఆయన వైపు తిరిగి, ఎడమచెయ్యి చాపి ఆయన చొక్కా రెండో గుండీ ముట్టుకుంది. తర్వాత తన గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టుకుంది. తర్వాత అరచెయ్యి తెరిచి, గరాజు బయట ఎండ వైపు చూపించి, ఆగింది. గొంతు అంది వెంటనే ఆయన బుర్ర, మింగడానికి కష్టంగా ఉందేమో, గొంతులో... నోర్ముయ్, అన్నాడు బుర్రతో.

వాకిట్లో కారు ఆగింది. శ్రీదివ్య దిగి గరాజులోకి వచ్చి, గాలిని రెండుసార్లు ఎగబీల్చింది. ఎండలో కార్పెట్ చూసింది, నాన్న మొహం చూసింది. "డాడీ? వాట్ హ్యాపెండ్? డిడ్ యూ ఫైండ్ ఇట్?"

"అమ్మ కనిపెట్టింది. క్రిస్మస్ సెలవుల్లోనే కనిపెట్టింది."

"వాట్ డూ యూ మీన్? అమ్మ కాంట్..."

"ఉండు తల్లీ. తాళాలు తర్వాత మాట్లాడుకుందాం. అమ్మ ఏదో చెబుతోంది, నువ్వు కూడా ఇటొచ్చి చూడు." లలిత వైపు తిరిగి, "మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఆమె మళ్ళీ మొదటినుంచి, మందమతి పిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. గుండీ. గడ్డం. ఎండ. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ చూశారు. ఇద్దరికీ అర్థం కాలేదు.